ఈ నలుగురిలో దివాను గారెవరు?

కోటకు కంప్యూటర్ వచ్చిన కొత్తలో ఫైళ్లు ఎక్కించే పని గుమాస్తా పైడయ్య మెడకు చుట్టుకుంది. ఎక్కించే స్క్రిప్టును, అంటే యంత్రానికిచ్చే ఆదేశాల వరుసను, దివాను గారు దగ్గరుండి రాయించారు. అది పేరులో ఖాళీ కనిపించిన చోటల్లా తుంచేసి, ఒక్కో ముక్కనూ ఒక్కో ఫైలనుకుని వెతికేది. ‘కొత్త నీటి ఆజ్ఞ’ అని ఇస్తే కొత్త లేదు, నీటి లేదు, ఆజ్ఞ లేదు అనేది. తిట్లు మాత్రం పైడయ్యకు దొరికేవి.

“పేరుకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెడితే ఒక్క ఫైలుగానే తీసుకుంటుందండీ. ఒక్క లైను మారుస్తాను,” అని బతిమాలాడు.

“నా స్క్రిప్టులో వేలు పెట్టావో, ఉద్యోగం ఊడుతుంది. యంత్రం తప్పు చేయదు!” అన్నారు దివాను.

కొలువుకు వచ్చేవాళ్ల పేర్లు ద్వారానికి పంపేదీ ఆ స్క్రిప్టే. ఇన్నాళ్లూ దివాను గారి పేరులోని ఖాళీలను పైడయ్యే పూడ్చి పంపేవాడు. విసుగెత్తి, ఈసారి మానేశాడు.

ద్వారం దగ్గర భటుడు కంప్యూటర్ తెర చూశాడు. “దివాను, వీరభూపతి, దేవర, వారు. నలుగురూ వస్తేనే పంపాలి. ఇందులో తమరెవరండీ?”

“నలుగురూ నేనే!”

“యంత్రం తప్పు చేయదని తమరే సెలవిచ్చారు.”

లోపల రాజుగారు ఎదురుచూస్తున్నారు. దివాను కేకలకు పైడయ్య కాళ్లీడ్చుకుంటూ వచ్చి, ఆయనకు అటొక భటుణ్ణి, ఇటొక భటుణ్ణి నిలబెట్టి జబ్బలు పట్టించాడు. “ఇప్పుడు ఒక్కరే. పంపండి.”

“నన్ను దొంగలా తీసుకెళ్తారా?”

“ఫైలుకైతే రెండు కొటేషన్ గుర్తులతో పోయేదండీ.”

దివాను తల దించుకుని గొణిగారు. “సరే, వేలు పెట్టు.”

“రేపు పెడతానండీ,” పైడయ్య ఆవలించాడు. “ఇవాళ ఇంటికెళ్లి పడుకోవాలి.”