నడుము మీది చెయ్యి

నాగలింగం వేసిన బొమ్మను, దొరల మాటలు తర్జుమా చేసే దుబాసీ వెంగళప్ప అప్పటికి రెండుసార్లు కాదన్నాడు. ఈ సాయంత్రం మూడోసారి వస్తున్నాడు. ఈసారీ కాదంటే నాగలింగం పెట్టె సర్దుకుని ఇంటిదారి పట్టడమే. గురువు కామాచారి ఆ మాట పొద్దున్నే చెప్పేశాడు.

బొమ్మకు వంక పెట్టడానికేమీ లేదు మరి. బందరులో నూనెరంగులతో మనిషిని నిలువెత్తున గీయగలిగినవాళ్లే ఇద్దరు, ఈ గురువూ ఈ శిష్యుడూ. కంపెనీ దొర సభలో దుబాసీకి బహూకరించిన ఆ మఖమలు అంగీ, జరీ అంచూ చూస్తే చేత్తో తడమబుద్ధేస్తుంది. ఎడమచెయ్యి నడుముకు ఆనించి, గడ్డం ఎత్తి, దుబాసీ అచ్చం నవాబులా కూర్చున్నాడు. ఆయన మొహం కోసం ఒక్కపూట కూర్చుని వెళ్లిపోతే, మిగతాదంతా అంగీని కొయ్యకు తగిలించి, కూర్చున్న తీరు దొరల అచ్చుబొమ్మల్లోంచి చూసి వేశాడు మనవాడు.

"'బొమ్మ బాగుంది, అందులో నేను లేను' అంటాడండీ," అన్నాడు గురువుతో ఉక్రోషంగా. "ఆయనకు కళ్లు లేవు."

కామాచారి కొయ్య మీది అంగీ తీసి చేతికిచ్చాడు.

"తొడుక్కో."

"దుబాసీగారిదండీ. ఆయన వచ్చే వేళైంది."

"తొడుక్కోరా."

మెడదాకా బొత్తాలు గురువే పెట్టాడు. అంగీ చంకల్లో బిగుసుకుంది, వీపు మీద లాగింది. ఎవరి కొలతకు కుట్టారో ఏమో. ఆ ఎండకు లోపల చెమట ధారకట్టింది.

"ఇప్పుడు నీ బొమ్మలోలాగే కూర్చో."

నాగలింగం కూర్చుని గడ్డం ఎత్తాడు. ఎడమచెయ్యి నడుము మీదికి తెచ్చాడో లేదో, చంకలో పర్రుమంది.

వాడి పైప్రాణాలు పైనే పోయాయి. చేతిని గబుక్కున ఒంటికి అదిమేసుకున్నాడు. గట్టిగా ఊపిరి పీలిస్తే ఇంకా చిరుగుతుందేమోనని సగం సగమే పీలుస్తున్నాడు. అంతలో బయట పల్లకీ దించిన చప్పుడైంది.

"గురువుగారూ, విప్పండి, మీకు దణ్ణం పెడతాను."

కామాచారి కదలలేదు.

వెంగళప్ప గుమ్మంలోనే ఆగిపోయాడు. తన అంగీలో కూర్చున్న నాగలింగాన్ని చూశాడు. బిగుసుకున్న మెడ, ఒంటికి అంటుకుపోయిన చెయ్యి, పైపెదవి మీద చెమట. నాగలింగానికి ఏడుపొక్కటే తక్కువ.

"చిరిగిందండీ," అన్నాడు ఎలాగో. "చంకలో. తప్పైపోయింది."

దుబాసీ దగ్గరికొచ్చి చిరుగు తడిమాడు.

"నాకూ అక్కడే తెగింది," అన్నాడు మెల్లగా. "సభలో, అందరి ముందూ, తొడిగిన కాసేపటికే. దొర నవ్వుతూ ఏదో అడుగుతున్నాడు. సభ ముగిసేదాకా చెయ్యి ఎత్తితే ఒట్టు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. నేనే కుట్టుకున్నాను."

నాగలింగం అంగీ విప్పి కుర్చీ మీద పెట్టాడు. కత్తి తీసుకుని, బొమ్మలో నడుము మీదున్న చేతిని గీకడం మొదలుపెట్టాడు. ఉంగరాలతో సహా వారం రోజుల పని అది.

"అంత బాగా వచ్చిందాన్ని ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు దుబాసీ.

"చెయ్యి దించుతున్నానండీ."

వెంగళప్ప ఆ చిరిగిన అంగీనే తొడుక్కుని, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.