కతేద్ర కనుమలో కూర్చున్న రాణి

గ్రీకు దేశపు ఉత్తర సీమలో, మైదానం ముగిసి కొండలు మొదలయ్యే చోట కతేద్ర కనుమ ఉంది. దిగువ ఊరి నుండి ఎక్కి రావడానికి అరపూట పడుతుంది. దారిలో నీడ లేదు. పైన మండపం కూడా లేదు. మోకాలెత్తు బండ మీద కాళ్లు చాపుకుని కూర్చున్న వృద్ధ స్త్రీ రాతి విగ్రహం మాత్రమే ఉంటుంది. కతేద్ర అంటే అక్కడి భాషలో ఆసనం. ఆ పేరు ఒక రాణి వల్ల వచ్చింది.

పూర్వం ఇక్కడ మైదానపు రాజులకూ కొండ తెగలకూ తీరని పగ ఉండేది. దాన్ని చల్లార్చడానికి కొండ నాయకుని కుమార్తె నికాండ్రను పదహారో ఏట మైదానపు రాజుకిచ్చి పెళ్లి చేశారు. నాటి నుండి సంధి మాటలు ఆమె పనే అయ్యాయి. రాయబారులు ముందుగా ఆమెనే కలిసేవారు. ఏ తెగకు ఏ పచ్చికబయలు దక్కాలో, ఎవరి పిల్లను ఎవరింట ఇవ్వాలో ఆమె చెప్పేది; రాజు ముద్ర వేసేవాడు. నలభై ఏళ్లు అలా గడిచాయి.

రాజు మరణించాక కొడుకులిద్దరూ సింహాసనం కోసం విడిపోయారు. పెద్దవాడు దెమార్ఖోస్ మైదానపు సేనతో, చిన్నవాడు అంతిమేనీస్ మేనమామల కొండ సేనతో ఈ కనుమకు చేరారు.

పోరు మొదలవ్వాల్సిన రోజు వేకువన, పెళ్లిళ్లను కాచే హేరా దేవి రాణికి కలలో కనిపించి, "వెళ్లి కనుమలో కూర్చో" అని ఆనతిచ్చింది.

"మళ్లీ నేనేనా తల్లీ?" అని రాణి అడిగింది.

రాణి చేతికర్రతో కొండెక్కి, రెండు సేనల నడుమ ఈ బండ మీద కూలబడింది. కొడుకులు గుర్రాలు దిగి వచ్చారు.

"లే అమ్మా, గుర్రాలు తొక్కేస్తాయి" అన్నాడు పెద్దవాడు.

"లేవలేను నాయనా. ఇన్నేళ్లూ మీ నాన్నకూ మీ మామలకూ నడుమ తిరిగాను. ఇక మీ ఇద్దరి నడుమ తిరిగే ఓపిక లేదు. లేపాలనుంటే ఇద్దరూ కలిసి లేపండి. ఒక్కరు లాగితే పడిపోతాను."

ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఎవరూ కదలలేదు. చివరకు చిన్నవాడు డాలు, ఈటె నేలమీద పెట్టాడు. అది చూసి అన్న తానూ పెట్టాడు. చెరొక చేయి పట్టి తల్లిని లేపారు. ఆమె ఆ చేతులు వదలకుండానే పంపకం చెప్పింది: మైదానం పెద్దవానిది, కొండసీమ చిన్నవానిది, కనుమ ఎవరిదీ కాదు.

"ఇంటికి పోదాం పదమ్మా" అన్నాడు అంతిమేనీస్.

"ఏ ఇంటికి? కొండవాళ్లు నన్ను ఇచ్చేశారు. మైదానం వాళ్లు వాడుకున్నారు. ఇక్కడే ఉంటాను."

మూడేళ్లు ఆమె ఇక్కడే బతికింది. రాయబారులు ఇక్కడికీ వచ్చారు. ఆమె వినేది, విని కళ్లు మూసుకునేది. ఆమె పోయాక కొడుకులే ఈ విగ్రహాన్ని నిలిపారు.

నేటికీ గోధుమ కోతలు ముగిశాక, ఒకరితో ఒకరికి మాటలు లేని అన్నదమ్ములు ఇక్కడికి వస్తారు. తమ ఇంటి పెద్దావిడను విగ్రహం పక్కన బండ మీద కూర్చోబెడతారు. తగవు సంగతి ఆమె ముందు ఎత్తకూడదు. "అలసిపోయావా అమ్మా?" అని మాత్రమే అడగాలి. ఆమె చెప్పినంతసేపూ ఇద్దరూ నిలబడి వినాలి. అలా విన్నవారి ఇళ్లలో పంపకాలు నెత్తురు చిందకుండా తీరుతాయనీ, ఆ తల్లులకు ఆ రాత్రి కంటినిండా నిద్ర పడుతుందనీ ఇక్కడివారి నమ్మకం.