కోవా మీద చక్రం

సింగవరం కోటలో జ్యోతిష్కుడు రామావధాన్లుగారిది రోజూ సభలో ఒకటే పాట.

"బొటనవేలి గీతలు చక్రంలా తిరిగినవాడు మహాజాతకుడు ప్రభూ! మిగతావాళ్లవి ఉత్త శంఖాలు. ఈ కోట మొత్తంలో చక్రం ఉన్నది తమరికీ, నాకూ మాత్రమే!"

రాజుగారు మురిసిపోయి తన వేలు చూసుకునేవారు.

ఒకనాడు ఆయన వేట నుంచి వచ్చేసరికి, ఆయన కోసం దాచిన పాలకోవాలో సగం లేదు. మిగిలిన సగం మీద బొటనవేలి ముద్ర అచ్చు గుద్దినట్టు పడి ఉంది.

"ఇంకెవరు, అంట్లు తోమే ఈ పోలమ్మే! కోటలోంచి వెళ్లగొట్టించండి" అన్నారు అవధాన్లుగారు.

పోలమ్మ కంగారుపడలేదు. బూడిదతో, కొబ్బరిపీచుతో తోమి తోమి నున్నగా అరిగిపోయిన తన వేళ్లు చాపింది.

"నా వేళ్లకి గీతలెక్కడివి దొరా? ఆ ముద్ర ఎలా ఉందో తమరే చూడండి."

రాజుగారు వంగి చూశారు. గీతలు గుండ్రంగా సుడి తిరిగి ఉన్నాయి.

"చక్రం!" అన్నారు.

"కోటలో చక్రాలు రెండేనంట గదా దొరా," అంది పోలమ్మ నెమ్మదిగా. "తమరేమో వేటలో ఉన్నారు."

అవధాన్లుగారు గబుక్కున తన బొటనవేలు పిడికిట్లో దాచుకున్నారు. "అదేం మాట ప్రభూ! చక్రానిదేముంది, వంటవాళ్లలో సగం మందికి ఉంటుంది!"

రాజుగారు తన బొటనవేలి వైపు చాలాసేపు చూసుకున్నారు.

"కోవా సంగతి తర్వాత చూద్దాం అవధాన్లుగారూ," అన్నారు. "ముందు నా వేలి సంగతి చెప్పండి."