నిమ్మచెట్టు పంచిన వాసనలు

ఇది నేనెవరితోనూ అనలేదు. నాకు మనుషులు ముఖాలతో గుర్తుండరు, వాసనతో గుర్తుంటారు. నవ్వుతారని ఊరుకున్నాను. చీమలైతే నవ్వవు. ఎందుకో వినండి.

ఒకప్పుడు చీమలకు ఏ వాసనా ఉండేది కాదు. పుట్టలో కటిక చీకటి. ఎవరు తగిలినా "నువ్వెవరే?" అని అడగాల్సిందే. కాపలాచీమలు దొంగలనుకుని సొంత చెల్లెళ్లనే కరిచేవి.

ఒకనాడు రాణిచీమ గుడ్లు పెట్టి పెట్టి అలిసిపోయి, సొమ్మసిల్లి పడుకుంది. పనిచీమల కాళ్లకు తగిలింది. పిలిస్తే పలకలేదు. పాపం ఎవరో పోయారనుకుని, మోసుకెళ్లి బయట చెత్తకుప్ప మీద పడేసి వచ్చాయి.

ఎండ మండిపోతోంది. కాసేపటికి నూకాలు అనే పనిచీమ పొట్టు పారేయడానికి వచ్చింది. వెలుతురులో ఆ పెద్ద పొట్టను చూసింది.

"ఓలమ్మో, అమ్మనే పారేశామే!"

లాగింది. కదల్లేదు. పుట్టలోకి కేకేసింది. ఎవరికీ వినబడలేదు.

పక్కనున్న నిమ్మచెట్టు రాణిమీద ఒక ఆకు రాల్చి నీడ పట్టింది. "నా వేళ్లకు గాలి ఆడేలా మట్టి గుల్ల చేసింది మీరే. ఆ మేలు మరిచిపోతానా? నా కాయ పులుపు ఒంటికి పూసుకుని, నేలమీద గీస్తూ ఇంటికెళ్లు" అంది.

నూకాలు అలాగే చేసింది. ఆ పుల్లటి గీత పట్టుకుని చీమలన్నీ బారుగా వచ్చాయి. అమ్మను ఇంటికి మోసుకుపోయాయి.

మళ్లీ ఇలా జరక్కూడదని చెట్టు తన వాసనలు పంచింది. పనిచీమలకు కాయ పులుపు. కాపలాచీమలకు నలిపిన ఆకు ఘాటు, ఆపద వస్తే అందరూ పరుగెత్తుకు రావడానికి. రెక్కల మగచీమలు కూడా చేయి చాపితే, "ఒక్కరోజు ఎగిరి రాలిపోయేవాళ్లకు పువ్వు వాసనే తగును నాయనా" అని అదిచ్చింది.

"మరి అమ్మకో?" అంది నూకాలు.

"నా వేళ్ల వాసన. అది గడప దాటదు. కానీ అది ఉన్నంతసేపూ ఇంట్లో అమ్మ ఉందని అందరికీ తెలుస్తుంది."

అప్పటినుంచే చీమల్లో ఒక్కో రకానికి ఒక్కో వాసన. అప్పటినుంచే ఎదురుపడ్డ చీమలు ఒక్క క్షణం ఆగి, మీసాలు తాకించుకుని పోతాయి.

నాకు బట్టల గంజి వాసనంటే మా వీధిలో ఇస్త్రీ చేసే సుగుణత్త. బడికి పోని నన్ను ఇస్త్రీబండి నీడన కూచోబెట్టుకుని, బట్టలు చుట్టే పాత పేపర్లు నా ముందు పరిచేది. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కున్నది వాటిమీదే. ఈ కథ రాయగలిగానంటే ఆ నీడ వల్ల. ఆ మాట ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు.

నూకాలు గీసినట్టు నేనూ ఒక గీత గీయాలి. తెల్లారి అత్త ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసేలోపే ఫోన్ చేస్తాను.