అవతలొడ్డుకు పోయిన గొంతు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనమామ తవిటినాయుడు. ఆయన చెప్పినట్టే చెప్తాను. ఒక మాట ఎక్కువుండదు, ఒక మాట తక్కువుండదు. మా వీధిలో ఇంకొకాయన దీన్ని తిరగేసి చెప్తాడు. ఆయన సంగతి చివర్లో చూద్దాం.

ఏటి ఒడ్డున జ్ఞానవరం అని ఒక ఊరు. ఆ ఊరివాళ్ళకి తమ తెలివి మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. "ఊరి పేరులోనే జ్ఞానం ఉంది, మళ్ళీ బుర్రలో కూడా దేనికి, రెండు చోట్ల ఉంచితే ఒకటి పాడైపోదూ" అనేవాళ్ళు. వానొస్తే కొత్త గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని తడుస్తూ ఇంటికెళ్ళేవాళ్ళు.

ఆ ఊళ్ళో బంగారయ్యది పెద్ద గొంతు. ఏరు చాలా వెడల్పు. పడవ నడిపే గంగులు అవతలొడ్డున ఉంటాడు. ఇటునుంచి మామూలు మనిషి పిలిస్తే ఆ పిలుపు సగం ఏట్లోనే మునిగిపోతుంది. బంగారయ్య రేవులో నిలబడి, రెండు చేతులూ నోటికి దొప్పలా పట్టి "ఓ... గంగులో" అన్నాడా, అంతే, అవతల కొంగలు లేచేవి, గంగులు లేచేవాడు, పడవ కదిలేది. సంతకెళ్ళాలన్నా, మంత్రసాని నూకాలు రావాలన్నా బంగారయ్యే పిలవాలి. "మా మావ నాకెంత పొలముందని అడగలేదు, కేక ఎంత దూరం పోతుందని అడిగి పిల్లనిచ్చాడు" అని పదిమందిలో చెప్పుకునేవాడు. పక్కనే ఉన్న ఆయన పెళ్ళాం చుక్కమ్మ, "అదే నా ఖర్మ" అనేది.

ఆ ఏడు ఎలక్షన్లొచ్చాయి. జగ్గారాయుడనే పెద్దమనిషి జీపుకి మైకు కట్టుకుని ఊళ్ళోకి దిగాడు.

"మీ బరువంతా నా భుజాల మీద పెట్టండి" అన్నాడు మైకులో. ఇంకేముంది, గంటలో జీపు చుట్టూ ధాన్యం బస్తాలు, తిరగళ్ళు, రుబ్బురోళ్ళు వచ్చి పడ్డాయి. ఒకావిడైతే మంచాన పడ్డ అత్తగారిని మోసుకొచ్చి, "కుడి భుజమా, ఎడమ భుజమా బాబూ" అని అడిగింది. ఇలాంటి ఊరు జిల్లా మొత్తం వెతికినా దొరకదని జగ్గారాయుడికి ఆ పూటే తెలిసిపోయింది.

"మీ కష్టాలకి కారణం ఎవరు?" అని అడిగాడు.

అప్పటిదాకా తమకి కష్టాలున్నాయని వాళ్ళకి తెలీదు.

"అవతలొడ్డు వాళ్ళు" అన్నాడు తనే. "మీ చేపలు వాళ్ళ గట్టుకి ఈదుతున్నాయి. మీ మబ్బులు వాళ్ళ పొలాల్లో కురుస్తున్నాయి. సూర్యుడు పొద్దున్నే వాళ్ళ వైపు లేస్తాడు. వాళ్ళు వాడుకోగా మిగిలిన ఎండే మీకొస్తోంది."

"అదా సంగతి, మా ఎండ సాయంత్రానికి పల్చబడిపోతోంది" అన్నాడు బంగారయ్య అల్లుడు పోలినాయుడు.

"ఇక మీరు మాట్లాడక్కర్లేదు. మీ తరఫున నేను మాట్లాడతా. నేనే మీ గొంతు."

చప్పట్లు కొట్టారు. ఓట్లన్నీ ఆయనకే వేశారు. ఇళ్ళకొచ్చి అరుగుల మీద కూర్చున్నాక అసలు చిక్కు వచ్చింది.

"మావా" అన్నాడు పోలినాయుడు, "ఆయనే మన గొంతైతే మరి మన దగ్గరున్నదేంటి?"

బంగారయ్య మెడ తడుముకున్నాడు. "ఇది పాతది."

"ఒక మనిషికి రెండు గొంతులుండొచ్చా?"

"ఎలా ఉంటాయిరా. ఒకటి దొంగదన్నమాట. పట్టుబడితే ద్రోహం కింద రాసేస్తారు."

అంతే, ఊరంతా నోళ్ళు మూసేసింది. కోడి కూస్తోందని దాని ముక్కుకి దారం చుట్టారు. "దానికి ఓటు లేదు కదా పాపం" అని ఎవరో సైగ చేస్తే, "ఓటు లేనిదానికి గొంతు మాత్రం దేనికి" అని ఇంకెవరో సైగ చేశారు. రెండు రోజులకి సైగలతో చేతులు నొప్పెట్టాయి. అప్పుడు బంగారయ్యకే తట్టింది, గుసగుస గొంతులోంచి రాదు, పెదాల్లోంచి వస్తుందని. ఇంత తెలివి తన ఒక్కడికే ఎలా వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయాడు. అప్పట్నుంచి జ్ఞానవరంలో పెళ్ళి మంత్రాలూ గుసగుసే, మొగుడూ పెళ్ళాల తగువులూ గుసగుసే.

బంగారయ్య అక్కడితో ఆగాడా. అందరికన్నా పెద్ద గొంతు తనది, అందరికన్నా పెద్ద ద్రోహిననిపించుకోవడం ఇష్టం లేదు. ఒక కొత్త ముంత తీసుకుని, అందులో మూతి పెట్టి, జన్మలో వెయ్యనంత కేక వేశాడు. బయటికి పోకుండా చప్పున గుడ్డ వాసెన కట్టి, నెత్తిన పెట్టుకుని, జగ్గారాయుడు ఊళ్ళో దిగిన మేడకెళ్ళి ఇచ్చాడు. జగ్గారాయుడు ఆ ముంతతో ఫోటో దిగాడు. "త్యాగమంటే ఇదీ" అని మైకులో చెప్పాడు. బంగారయ్య ఒళ్ళు పులకరించింది. అరుద్దామనిపించింది, కానీ ఇచ్చేశాడు కదా.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్న బంగారయ్య కూతురు రత్నాలుకి నొప్పులొచ్చాయి. తొలికాన్పు. రేవుకి దగ్గరగా ఉంటే మంచిదని బండిలో పడుకోబెట్టి ఏటి ఒడ్డుకి తోలారు. ఆడవాళ్ళు బండి చుట్టూ చీరలు అడ్డం పట్టారు. అవతలొడ్డున గంగులు పడవలో చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. కనబడుతూనే ఉన్నాడు. ఆ వెనకాల నూకాలు ఇల్లు కూడా కనబడుతోంది.

"నాన్నా, ఒక్క కేక వెయ్యి" అంది రత్నాలు.

బంగారయ్య చేతులు వాటంతటవే నోటి దగ్గరికెళ్ళాయి. మళ్ళీ కిందికి దిగాయి. "నా దగ్గర లేదమ్మా" అన్నాడు గుసగుసగా. "ఇచ్చేశాను."

"ఎవరికిచ్చావు?"

"మన గొంతుకే ఇచ్చాను."

"నాకు చచ్చే నొప్పి వస్తుంటే ఈ తిరకాసు మాటలేంటి నాన్నా" అని రత్నాలు పెద్దగా మూలిగింది. ద్రోహం జరిగిపోయిందని పోలినాయుడు హడలిపోయాడు. చుక్కమ్మ వాడికేసి ఉరిమి చూసి, "మూలుగు పొట్టలోంచి వస్తుందిరా, పో అవతలికి" అంది.

బంగారయ్య పరుగున మేడకెళ్ళాడు. జగ్గారాయుడు ఒంటికి నూనె పట్టించుకుంటున్నాడు.

"బాబూ, నా ముంత ఒక్క పూట ఇప్పించండి. నూకాల్ని పిలవాలి."

"ముంతా? మా ఆవిడ అందులో మజ్జిగ పోసింది. బాగా చల్లగా ఉంటోంది."

ఇన్నాళ్ళూ తన కేకని వీళ్ళు మజ్జిగలో కలుపుకుని తాగేశారన్నమాట.

"అయినా అవతలొడ్డు మంత్రసాని దేనికయ్యా" అన్నాడు జగ్గారాయుడు. "మన పిల్లలు వాళ్ళ చేతుల్లో పుట్టబట్టే వాళ్ళకేసి చూస్తున్నారు. ఆదివారం సభలో దీని మీద మాట్లాడతా."

"ఆదివారం దాకా నొప్పులు ఆగవు బాబూ."

"కంగారు పడకు. నా గొంతు ఎప్పుడూ మీ మధ్యనే ఉంటుంది. వీధి మలుపులో స్తంభం మీద చూడు."

బంగారయ్య వెళ్ళి చూశాడు. స్తంభం మీద నిజంగానే మైకు గొట్టం ఉంది. ఇంకేముంది, పోలినాయుణ్ణి పైకెక్కించి, తీగలు కోయించి, గొట్టాన్ని పసిపిల్లలా ఎత్తుకుని రేవుకి తెచ్చాడు. అవతలొడ్డుకి తిప్పి ఇసకలో నిలబెట్టారు. అందరూ దండం పెట్టారు. గొట్టం పలకలేదు.

"బిడియపడుతోందేమో" అన్నాడు పోలినాయుడు.

"రోజూ అరిచి అరిచి రాసుకుపోయుంటుంది. గొంతు రాసుకుపోతే ఏం పెడతాం?" అన్నాడు బంగారయ్య.

"మిరియాలు."

మంచి ఆలోచనే అనుకున్నారు. శేరు మిరియాలు దంచి ఆ పొడంతా గొట్టంలో పోశారు. గొట్టం అయినా పలకలేదు.

ఈలోగా బండిలో రత్నాలుకి కాన్పైపోయింది. చుక్కమ్మ చేతుల్లోనే పడింది బిడ్డ. ఆడపిల్ల. ఒళ్ళంతా బాగుంది, కళ్ళు మూసుకుని ఉంది, ఏడవడం లేదు.

"ఏడవట్లేదు" అంది చుక్కమ్మ.

బయట నిలబడ్డ జనం ఆ మాట విన్నారు. "ఏడవట్లేదట. ఎంత క్రమశిక్షణ" అన్నాడొకడు. "పుడుతూనే తెలుసుకుంది, మన గొంతు ఎవరో" అన్నాడింకొకడు. మనవరాలు ఇంత బుద్ధిమంతురాలైనందుకు బంగారయ్య ఛాతీ పొంగింది. పొంగిన ఛాతీతోనే బండిలోకి తొంగి చూశాడు. రత్నాలు పిల్ల అరికాళ్ళు రుద్దుతోంది, వీపు తడుతోంది. "ఏడవ్వే తల్లీ, ఏడు" అని బతిమాలుతోంది. బంగారయ్యకి ఛాతీ ఒక్కసారిగా దిగిపోయింది. ఎందుకు దిగిపోయిందో ఆయనకే అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడు దుమ్ము రేపుకుంటూ జీపు వచ్చింది. స్తంభం బోసిగా ఉందని ఎవరో చెబితే జగ్గారాయుడు ఒంటి మీద నూనెతోనే బయల్దేరాడు. గొట్టాన్ని ఇసకలో చూశాడు. జనం పోగై ఉన్నారు, ఎదురుగా అవతలొడ్డు ఉంది. ఇంతకన్నా మంచి సభ ఏముంటుంది. గొట్టాన్ని బండి వైపు, జనం వైపు తిప్పించి, జీపులో మిషనుకి తీగ కలిపించి, మైకు పట్టుకున్నాడు.

"నా ప్రజలారా, నా గొంతుని దొంగిలించింది అవతలొడ్డు..."

అంతే. గొట్టం బుస్సుమంది. శేరు మిరియాల పొడి మబ్బులా లేచింది. ఊరు ఊరంతా తుమ్మింది. ఎడ్లు తుమ్మాయి. ముక్కు కట్టేసిన కోడి ఎక్కడుందో గానీ అదీ తుమ్మిందట. గాలి ఎదురుతిరిగి సగం పొడి జగ్గారాయుడి గొంతులోనే దూరింది. మిగిలిన దాంట్లో చిటికెడు బండిలోకి పోయింది. పిల్ల ముక్కు ముడిచింది, ఇంత చిన్న తుమ్ము తుమ్మింది, ఆ తర్వాత నోరు తెరిచింది.

ఆ ఏడుపు ఏడుపు కాదు. అచ్చం తాత గొంతు. ఏరు దాటింది, కొంగలు లేచాయి, గంగులు చుట్ట పారేసి లేచాడు. నూకాలు కాగుతున్న నీళ్ళు అలాగే వదిలేసి పడవెక్కింది.

రత్నాలు పిల్లని గుండెకి హత్తుకుని తనూ ఏడ్చింది. బంగారయ్య బండి చక్రం పట్టుకుని కూర్చుండిపోయాడు. తుమ్ముల వల్లే కళ్ళు కారుతున్నాయని చుక్కమ్మకి చెప్పాడు.

"ఎవరర్రా ఆ పిలిచింది" అన్నాడు గంగులు ఒడ్డుకొస్తూనే. "బంగారయ్య గొంతులా ఉంది గానీ ఇంకా కొత్తగా ఉంది."

జగ్గారాయుడు నోరు తెరిచాడు. "నేనే మీ..." అని పిల్లికూత లాంటిదేదో వచ్చింది, తర్వాత అదీ రాలేదు.

"గొంతు లేనివాడు మన గొంతెలా అవుతాడు మావా?" అన్నాడు పోలినాయుడు.

"అవడు."

"మరి ఇక్కడ గొంతు ఎవరికుంది?"

అందరూ బండివైపు చూశారు. ఇంకేముంది, జగ్గారాయుడి మెడలో దండ తీసి పిల్లకి వెయ్యబోయారు. దండ పిల్లకన్నా పెద్దది, అందుకని బండి కాడికి చుట్టారు. "ఇక నుంచి మా తరఫున నువ్వే ఏడవాలి తల్లీ" అని సాష్టాంగపడ్డారు. పిల్ల ఆవులిస్తే చప్పట్లు కొట్టారు. పోలినాయుడు ఆవులింతకి అర్థం చెప్పడం కూడా మొదలెట్టాడు.

నూకాలు ఇదంతా చూసింది. బొడ్డు కోసి, తల్లినీ పిల్లనీ తుడిచి, "ఈ బాలింతని మీ మధ్య వదిలితే పిల్లని స్తంభం ఎక్కిస్తారు" అంది. "నాలుగు రోజులు మా ఇంట్లో ఉంటుంది. రా వదినా." చుక్కమ్మ మారుమాట్లాడకుండా రత్నాల్ని పొదివి పట్టుకుని పడవెక్కింది. గంగులు తెడ్డు వేశాడు. జనం చేతులూపారు. పడవ అవతలొడ్డుకి చేరాక ఊపడం ఆపారు.

"మావా" అన్నాడు పోలినాయుడు మెల్లగా, "మన గొంతు అటు వెళ్ళిపోయింది."

"తెచ్చుకుందాం."

"ఎలా?"

"పడవని పిలుద్దాం."

"దేంతో?"

బంగారయ్య ఆలోచించాడు. గొంతు రావాలంటే పడవ రావాలి. పడవ రావాలంటే పిలవాలి. పిలవాలంటే గొంతుండాలి. ఎదురుగా నూకాలు గుమ్మంలో చుక్కమ్మ మనవరాల్ని ఎత్తి చూపిస్తోంది. పిల్ల నిద్రపోతోంది. బంగారయ్య రెండు చేతులూ నోటికి దొప్పలా పట్టాడు. ఊపిరి నిండా తీసుకున్నాడు. మజ్జిగ గుర్తొచ్చింది. ఊపిరి వదిలేసి చేతులు దించేశాడు.

ఇటు ఒడ్డున ఊరంతా బారులు తీరి నిలబడింది, పిల్ల ఎప్పుడు నిద్రలేచి తమ తరఫున పడవని పిలుస్తుందా అని. అటు గంగులు చూసి, "ఎవరూ పిలవట్లేదు, ఎవరికీ పనిలేదులా ఉంది" అనుకుని, తలగుడ్డ మొహాన వేసుకుని పడుకున్నాడు. వాళ్ళు ఇంకా నిలబడే ఉన్నారని చెప్పేవాడు మా మేనమామ.

ఇక ఆ ఇంకొకాయన సంగతి. ఆయన మా వీధి దాలినాయుడు, రాళ్ళు చెక్కుతాడు. గొంతు బాగుపడ్డాక జగ్గారాయుడు ఆ రేవులో ఒక రాయి పాతించాడు. 'ప్రజల కోసం జగ్గారాయుడు గొంతెత్తిన చోటు' అని చెక్కింది దాలినాయుడే. తప్పని మా మేనమామ రెండుసార్లు చెప్పినా వినలేదు. అందుకే ఆయనింట్లో నేను మంచినీళ్ళు కూడా ముట్టను. అక్షరాలు బాగా వచ్చినవాళ్ళెవరైనా అటు వెళ్తే ఆ పేరు కొట్టేసి, 'రత్నాలు కూతురు' అని రాయండి. పిల్ల పేరు రాయమందామంటే ఇంకా పెట్టలేదు. పెట్టాలంటే తాత నోరు తెరిచి చెవిలో మూడుసార్లు పిలవాలి.