మఠంలో లేని పుస్తకం

నవంబరు నెలలో ఆ మఠంలో ఒక ఆనవాయితీ ఉంది. సాయంత్రం జపమాల అయ్యాక ఒక్కొక్కరూ తమ ఇంట్లో చనిపోయినవాళ్ల పేరు పైకి చెబుతారు. మిగతా సిస్టర్లంతా ఆ ఆత్మ కోసం ప్రార్థిస్తారు.

లూర్దు మాత్రం తన వంతు వచ్చేసరికి తల వంచుకుని ఊరుకునేది. మఠంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. నాన్న పోయి నాలుగు నెలలే. అయినా పేరు చెప్పలేదు. నరకంలో ఉన్నవాళ్లకి ప్రార్థన అందదని చిన్నప్పుడే సత్యోపదేశంలో చదువుకుంది మరి.

వాళ్ల నాన్న బాలశౌరి చెడ్డవాడేం కాదు. పట్టుదల మనిషి, అంతే. ఊరి పండగలో తేరు ఏ వీధి మీదుగా వెళ్లాలన్న గొడవలో ఫాదర్‌తో మాటామాటా వచ్చి, ఇక గుడి గడప తొక్కనన్నాడు. ఇలాంటి మాటలు అందరూ అంటారు, ఆయన మాట మీద నిలబడ్డాడు. తొమ్మిదేళ్లపాటు ఆదివారం పూజ లేదు, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం లేదు. చివరికి ఓ రోజు తాగి కాలవగట్టు మీద నడుస్తూ నీళ్లలో పడిపోయాడు. చివరి క్షణంలోనైనా పాపక్షమాపణ ఇద్దామని ఫాదర్ పరిగెత్తుకొచ్చేసరికే ఒళ్లు చల్లబడింది.

ఆ నవంబరులోనే ఒక రోజు తెక్లా మదర్ వంటింటి వరండాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. కొత్తగా చేరిన పిల్లలకి చదువు చెప్పేది ఆవిడే. లూర్దు వచ్చి పక్కన కూర్చుంది.

"మదర్, పూజ మానెయ్యడంలాంటి చావైన పాపం చేసి, ఒప్పుకోకుండా పోయినవాళ్లు నరకానికే పోతారు గదండీ?"

"అవును."

"మరి మా నాన్న..." అంది.

ఛ, అవేం మాటలే పిచ్చిదానా అని మదర్ కసురుతుందేమోనని ఎంతో ఆశపడింది లూర్దు. మదర్ కసరలేదు.

"ఈ వారం భోజనాల దగ్గర చదివేది నువ్వే కదూ?" అని అడిగింది. ఆ మఠంలో మధ్యాహ్నం ఎవరూ మాట్లాడకుండా తింటారు. ఒకరు మాత్రం నిలబడి పునీతుల చరిత్ర చదువుతారు.

"నేనేనండీ."

"రోజూ మోక్షానికి పోయినవాళ్ల సంగతేనా? రేపు నరకానికి పోయినవాళ్ల పుస్తకం చదువు. పేర్లతో సహా ఉండాలి. వెతికి పట్టుకురా."

పెద్దవాళ్లు చెప్పాక ఎందుకని అడగకూడదు. లూర్దు వెళ్లింది.

పుస్తకాల బీరువా సలోమి సిస్టర్ అధీనంలో ఉంటుంది. ఆవిడ పై అర నుంచి కింది అర దాకా దులిపి, తుమ్మి, విసుక్కుంది. "ముప్ఫై ఏళ్ల నుంచీ ఈ తాళం నా నడుముకే ఉంది. అలాంటి పుస్తకం ఎవరూ అడగలేదు, నేనూ చూడలేదు. ఫాదర్‌ని అడుగు పో."

మర్నాడు పూజ అయ్యాక మఠం ఫాదర్‌ని అడిగింది. ఆయన నవ్వబోయి, ఆ పిల్ల మొహం చూసి ఆగిపోయాడు. "లేదమ్మా. ఏసుప్రభువుని పట్టిచ్చిన యూదా విషయంలో కూడా మన తిరుసభ అలా తీర్పు చెప్పలేదు," అన్నాడు.

లూర్దు వంటింటి వరండాలోకి తిరిగొచ్చింది. "అసలు అలాంటి పుస్తకమే లేదంటండీ మదర్."

"ఒక్క పేరూ లేదా?"

"లేదంట. పునీతుల పేర్లయితే వేలల్లో ఉన్నాయండీ." బిక్కుబిక్కుమంటూ అడిగింది. "అంటే నరకం లేదంటారా?"

"ఉంది. నీ గురించి నువ్వు భయపడు, నా గురించి నేను భయపడతాను." మదర్ చేతులు దులుపుకుంది. "రెండు వేల ఏళ్లలో తిరుసభ ఎవరి పేరూ రాయడానికి సాహసించలేదు. నువ్వు నాలుగు నెలల్లో మీ నాన్న పేరు రాసేశావే, అమ్మాయ్!"

లూర్దు వెక్కి వెక్కి ఏడ్చింది. నాలుగు నెలల ఏడుపు అది. మదర్ వద్దనలేదు. ఈలోగా భోజనాల గంట కొట్టారు.

"ఇప్పుడేం చదవమంటారు మదర్?" అంది మొహం తుడుచుకుంటూ.

"పుస్తకం వద్దులే. మీ నాన్న సంగతి చెప్పు."

ఇరవై మంది సిస్టర్లు కంచాల ముందు మౌనంగా కూర్చున్నారు. లూర్దు లేచి వాళ్ల ముందు నిలబడింది. గొంతు సవరించుకుంది.

"మా నాన్న పేరు బాలశౌరి," అని మొదలుపెట్టింది. "కాస్త కోపిష్టి."