స్వరూప కుట్టిన పదహారు అరల సంచి

గొర్రెల మందతో ఊరూరూ తిరిగే ఒక విడిదిలో ఐలవ్వ అనే ఆమె ఉండేది. పనిలో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు లేరు గానీ, తన ముందు ఇంకొకరిని మెచ్చుకుంటే మాత్రం ఓర్చుకోలేకపోయేది.

వాళ్ళది పాలమూరు వైపు మెట్ట ఊరు. ఎండలు ముదిరి అక్కడ గడ్డి కరువైతే, ఆ కుటుంబం మూడు వందల గొర్రెలను తోలుకుని కృష్ణ ఒడ్డున ఉన్న పల్లపు పొలాలకు వెళ్ళేది. కోతలు అయిపోయిన పొలాల్లో మంద కట్టేవారు. రైతుకు ఎరువు దొరికేది, గొర్రెలకు మేత దొరికేది. ఒక్కో చోట నాలుగైదు రోజులుండి మళ్ళీ కదిలేవారు. సామాను రెండు గాడిదల మీద వెళ్ళేది.

ఇంటికి పెద్ద బీరప్ప. ఆయన పెద్ద కొడుకు కొమురయ్య భార్యే ఐలవ్వ. ఇరవై ఏళ్ళుగా ఆ విడిదిని నడిపింది ఆమే. సామానంతా ఆరు మూటల్లో ఉండేది. ఏ మూటలో ఏముందో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

"ఐలవ్వా, ఉన్ని కత్తెర ఏడుంది?"

"వదినా, దబ్బనం కావాలె!"

రోజుకు ఇరవై సార్లు ఇలా ఎవరో ఒకరు అడిగేవారు. ఐలవ్వ వెంటనే కదిలేది కాదు. చేతిలో పని ముగించి, చేతులు తుడుచుకుని, నిదానంగా ఒక మూట విప్పేది. అందులో లేకపోతే రెండోది విప్పేది. చివరికి వస్తువు తీసి ఇచ్చి, "నేను లేకపోతే మీ గతేంది?" అనేది. అందరూ నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు. ఆ మాట ఆమె నిజంగానే అనుకునేది.

ఆ ఏడు చిన్న కొడుకు రాజలింగం పెళ్ళి చేసుకున్నాడు. కొత్త కోడలి పేరు స్వరూప. పెళ్ళికి ముందు ఆమె ఒక దర్జీ అంగడిలో కుట్టుపని చేసేది. పుట్టింటివాళ్ళు ఆమెకు బూడిద రంగు గొర్రె ఒకటి ఇచ్చి పంపారు. అది చూలు గొర్రె. స్వరూప ఎటు వెళితే అది అటు వెంటపడి వెళ్ళేది.

ఆమె వచ్చిన నెలకే ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. మూటలు తడిసిపోయాయి. ఉప్పు కరిగింది, అగ్గిపెట్టెలు నానిపోయాయి. ఒక గొర్రె కాలికి ముళ్ళకంచె కోసుకుని రక్తం కారుతుంటే, కట్టు గుడ్డ కోసం ఆరు మూటలూ విప్పాల్సి వచ్చింది. స్వరూప పక్కన నిలబడి అంతా చూసింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నం తీరిక దొరికినప్పుడల్లా చిరిగిన పరదా పట్టా ఒకటి ముందేసుకుని కుట్టడం మొదలుపెట్టింది. అయిదో రోజుకు ఒక పెద్ద సంచి తయారైంది. అది మనిషి ఎత్తుంది. వరుసకు నాలుగు చొప్పున పదహారు అరలున్నాయి. పైన వెదురు కర్ర దూర్చి ఉంది. మూడు గుంజలు ముక్కాలుగా కట్టి దానికి తగిలిస్తే, వంగకుండా నిలబడిన చోటు నుంచే ఏ వస్తువైనా అందుకోవచ్చు. వాన వస్తే పైనున్న మూత గుడ్డ కిందికి దించితే చాలు. విడిది కదిలేటప్పుడు చాపలా చుట్టి గాడిద మీద వేసుకోవచ్చు. ఆ ఇంట్లో చదువొచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి, ప్రతి అర మీదా రంగు దారంతో ఒక బొమ్మ కుట్టింది. సూది అర మీద సూది, నిప్పు అర మీద మంట, మందుల అర మీద గొర్రె తల. గొర్రెలకు పట్టిన పిడుదులు చావడానికి ఒంటికి పూసే విషపు మందు మాత్రం అట్టడుగున, ఎర్ర దారంతో గీతలు కుట్టిన అరలో విడిగా ఉంచింది.

సామాను సర్దే ముందు ఆమె ఐలవ్వ దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఏది ఎక్కడ ఉండాలో నీకంటే ఎవరికి తెలుసు? నువ్వే చెప్పు, నేను పెడత."

"నాకెందుకమ్మా? నీ సంచి, నీ ఇష్టం" అంది ఐలవ్వ, కుండ తోముతూ.

రెండు రోజుల్లో విడిది తీరే మారిపోయింది. ఎవరికి కావలసింది వాళ్ళే తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టేవారు. బీరప్ప పొలం చూడటానికి వచ్చిన రైతులను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి సంచి చూపించేవాడు. "మా చిన్న కోడలు కుట్టింది. నాకు కళ్ళు కనిపించకపోయినా చెయ్యి పెడితే సుతిలి తాడు దొరుకుతది" అనేవాడు. పక్క మంద ఆడవాళ్ళు కొలతలు అడగడానికి వచ్చారు. అందరూ దాన్ని 'స్వరూప సంచి' అని పిలవసాగారు.

ఆ పేరు విన్నప్పుడల్లా ఐలవ్వ చేతిలో కుండను ఇంకా గట్టిగా తోమేది.

ఒక పొద్దంతా ఆమె లెక్కపెట్టుకుంది. తెల్లవారి నుంచి పొద్దు గుంకేదాకా ఒక్కరు కూడా ఆమెను ఏదీ అడగలేదు. ఆమె సొంత భర్త కొమురయ్య, చెప్పు తెగితే, ఆమె పక్క నుంచే నడిచి వెళ్ళి దబ్బనం తీసుకుని కుట్టుకున్నాడు. ఆమె వైపు చూడనైనా లేదు.

ఆమె తప్పులు వెతకడం మొదలుపెట్టింది. "ఉప్పు అరకు చీమలు పడతయ్ చూడు" అంది. స్వరూప గుంజల అడుగున బూడిద పోసింది. "పెద్ద గాలొస్తే పడిపోతది" అంది. స్వరూప మేకులు దిగ్గొట్టి తాళ్ళు కట్టింది. బీరప్ప అది చూసి, "చెప్పిన మాట ఎంత చక్కగా వింటది ఈ పిల్ల!" అని మెచ్చుకున్నాడు. చెప్పింది ఎవరో ఆయన అడగలేదు. ఐలవ్వకు ఒళ్ళు మండిపోయింది.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. మగవాళ్ళు మంద వెంట వెళ్ళారు. స్వరూప బోరు దగ్గరికి నీళ్ళకు వెళ్ళింది. విడిదిలో ఐలవ్వ ఒక్కతే ఉంది. సంచి ముందు నిలబడింది. సూది తీసి ఉప్పు అరలో వేసింది. అంతే చేద్దామనుకుంది. నలుగురి ముందూ ఒక్కసారి స్వరూప తడబడితే చాలనుకుంది. కానీ చెయ్యి ఆగలేదు. ఉప్పు పొట్లం దారం అరలోకి వెళ్ళింది. దారం సబ్బు అరలోకి వెళ్ళింది. కత్తెర, కట్టు గుడ్డలు, అగ్గిపెట్టెలు, సీసాలు, ఏది తోస్తే అది, ఎటు తోస్తే అటు మార్చేసింది. చివరికి మూత గుడ్డ దించి, వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆమె మనసు తేలికైంది.

ఇంతలో వాన మొదలైంది. నీళ్ళకు వెళ్ళిన స్వరూప, మంద దగ్గర నుంచి బీరప్ప విడిదికి తిరిగి వచ్చేశారు. పొలాల్లో ఉన్న కొమురయ్య, రాజలింగం గొంగళ్ళు కప్పుకునేలోపే మందలో కొన్ని గొర్రెలు గట్టు దాటాయి. అవతల కోసేసిన పెసర చేను మళ్ళీ చిగురించి పచ్చగా ఉంది. తడిసిన ఆ లేత ఆకును గొర్రెలు ఆత్రంగా మేశాయి. బయటికి తోలేసరికి ఆలస్యమైంది. అరగంటలో వాటి కడుపులు ఉబ్బి బిగుసుకుపోయాయి. ఊపిరి అందక ఒక్కొక్కటే కూలబడసాగాయి.

"నూనె తియ్యండి! ఇంగువ నూనె!" అని అరుస్తూ అన్నదమ్ములిద్దరూ కూలబడినవాటిని భుజాల మీద వేసుకుని, మిగతావాటిని తోలుకుంటూ పరిగెత్తుకొచ్చారు. కడుపుబ్బరానికి ఆ నూనె తాపితే గొర్రె బతుకుతుంది. తాపడం ఆలస్యమైతే బతకదు. మొత్తం ఇరవై నాలుగు గొర్రెలు. ఆ పూట మందతో వెళ్ళిన స్వరూప బూడిద గొర్రె కూడా వాటిలో ఉంది.

స్వరూప మూత గుడ్డ ఎత్తింది. గొర్రె తల బొమ్మ ఉన్న అరలో చెయ్యి పెట్టి, చూడకుండానే సీసా లాగి మామ బీరప్పకు అందించింది. ఇంగువ నూనె, పిడుదుల మందు రెండూ ఒకే రకం పాత సీసాల్లో ఉండేవి. అందరూ అరను నమ్మేవారు కాబట్టి సీసాను పరికించి చూసే అలవాటు ఎవరికీ లేదు. తడిసిన గొర్రెల వాసనలో ఇంకే వాసనా తెలియలేదు.

ఐలవ్వ పొయ్యి దగ్గర లేచి నిలబడింది. ఆ అరలో తాను ఏ సీసా పెట్టిందో ఆమెకు గుర్తొచ్చింది.

'చెబితే అందరికీ తెలిసిపోతుంది' అనుకుంది. 'ఏమో, సీసాలు మార్చలేదేమో. నూనె సీసా అక్కడే వదిలేశానేమో.' అలా తనకు తాను చెప్పుకుంటూ ఒక్క క్షణం నోరు మూసుకుంది. స్వరూప తల తిప్పి ఆమె వైపు ఒకసారి చూసింది. ఐలవ్వ చూపు దించేసుకుంది.

బీరప్ప బూడిద గొర్రె నోరు తెరిచి మందు పోశాడు. అది రెండు గుక్కలు మింగింది. నోట నురగ వచ్చింది. కాళ్ళు కొట్టుకుంది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. రెండో గొర్రె దవడ పట్టుకుని సీసా ఎత్తాడు.

"పొయ్యకు మామా!" ఐలవ్వ ఒక్క ఉరుకున వచ్చి ఆయన చేతిలో సీసాను కొట్టేసింది. "అది నూనె కాదు, పిడుదుల మందు!"

"నీకెట్ల తెలుసు?" అన్నాడు కొమురయ్య.

ఐలవ్వ సంచి వైపు చెయ్యి చూపింది. "నేనే మార్చిన. మధ్యాహ్నం అన్నీ మార్చిన."

ఎవరూ తిట్టలేదు. తిట్టే సమయం కూడా లేదు.

"నూనె ఏడ పెట్టినవు?" అన్నాడు బీరప్ప.

ఐలవ్వ ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఇరవై ఏళ్ళు అందరికీ అన్నీ తీసి ఇచ్చిన మనిషి, అప్పుడు ఆ సంచి ముందు నిలబడి ఒక్కో అరలో చెయ్యి పెడుతూ ఏడ్చింది. చివరికి రాజలింగం సంచిని గుంజల మీద నుంచి లాగి నేల మీద కుమ్మరించాడు. బురదలో వెతికితే సబ్బు ముక్కల మధ్య నూనె సీసా దొరికింది. ఆ పైన అయిదుగురూ తలా ఒక గొర్రెను పట్టుకుని నూనె తాపారు, కడుపులు నిమిరారు, లేపి నడిపించారు. పద్దెనిమిది గొర్రెలు బతికాయి. వెతుకుతున్న కాసేపట్లో అయిదు చనిపోయాయి. బూడిద గొర్రె అప్పటికే చనిపోయింది.

వాన వెలిసింది. మగవాళ్ళు గొయ్యి తవ్వుతున్నారు. బీరప్ప ఐలవ్వను పిలిచాడు.

"ఆపద వచ్చినప్పుడు వెతుక్కునే పని లేకుండా ఉండాలని కదా బిడ్డా, ఈ పిల్ల కూర్చుని అన్ని రోజులు కుట్టింది. నువ్వు మళ్ళీ మమ్మల్ని వెతుక్కునేటట్టు చేసినవు" అన్నాడు.

స్వరూప తన గొర్రె పక్కన కూర్చుని ఉంది. ఐలవ్వ వెళ్ళి ఎదురుగా కూలబడింది.

"నన్ను తిట్టు స్వరూపా. కొట్టు. ఏమైనా అను."

స్వరూప గొర్రె కళ్ళు మూసింది. తర్వాత మెల్లగా అంది. "సామాను మార్చినందుకు నాకు అంత బాధ లేదక్కా. సీసా మామ చేతికి ఇచ్చినప్పుడు నేను నీ దిక్కు చూసిన. నీకు తెలుసు. తెలిసి కూడా తల దించుకున్నవు. ఒక్క మాట ముందు అరిచి ఉంటే ఇది బతికేది. దీని కడుపులో పిల్ల కూడా బతికేది."

ఐలవ్వ లేచి, గొయ్యి తవ్వుతున్న మగవాళ్ళ పక్కన మట్టి ఎత్తసాగింది.

మర్నాడు పక్క మందవాళ్ళు సంగతి తెలిసి పలకరించడానికి వచ్చారు. "పచ్చి పెసర ఆకు తిన్నయట కదా?" అని అడిగారు. కొమురయ్య అవునన్నట్టు తలూపాడు. ఇంటి గుట్టు బయటపెట్టడం ఆయనకు ఇష్టం లేదు. కానీ ఐలవ్వ ముందుకొచ్చింది.

"ఆకు తినడం నిజమే. కానీ సచ్చింది నా మూలంగా" అని, జరిగిందంతా దాచకుండా వాళ్ళకు చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె చెంపలు సిగ్గుతో కాలిపోయాయి. అయినా ఆపలేదు. తన వంతు గొర్రెల్లో ఒక మంచి చూలు గొర్రెను తోలుకొచ్చి స్వరూప ముందున్న గుంజకు కట్టింది. స్వరూప దాన్ని కాదనలేదు. కానీ ఐలవ్వతో మాట్లాడనూ లేదు.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండారు, ఒకే బోరు దగ్గర నీళ్ళు పట్టారు. మాట మాత్రం లేదు. ఐలవ్వకు ఆ మౌనం ఏ తిట్టు కన్నా బరువుగా ఉండేది. ఆమె ఓర్చుకుంది.

అయిదో రోజు విడిది కదిలి కొత్త పొలానికి చేరింది. మళ్ళీ ఆకాశం మబ్బేసింది. గాడిదల మీది సామాను దించాక స్వరూప వచ్చి ఐలవ్వ ముందు నిలబడింది.

"అక్కా, వాన పడ్డప్పుడు గొర్రెలు ఏ చేన్ల పడకూడదో, ఏ ఆకు తినకూడదో నాకు తెలవదు. నేను పుట్టింటి దగ్గర మంద వెంట తిరగలేదు. నీకు తెలుసు. నాకు చూపిస్తవా?"

ఐలవ్వ ఆమె ముఖంలోకి చూసింది. స్వరూప నవ్వడం లేదు. కోపంగా కూడా లేదు. అడగాల్సిన మనిషిని అడుగుతోంది, అంతే.

"రా" అంది ఐలవ్వ.

ఇద్దరూ గట్ల మీద నడిచారు. ఐలవ్వ వంగి ఒక్కో ఆకూ తెంపి చూపించింది. ఇది తడిగా ఉంటే ఉబ్బరం చేస్తుందని, ఇది ఎండిపోయాక మంచిదని, ఇక్కడ మంద కడితే నీళ్ళు నిలుస్తాయని చెప్పింది. స్వరూప ఒక్కోదాని గురించి రెండు మూడు ప్రశ్నలు అడిగింది. తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. తనకు ఇంత తెలుసునని ఐలవ్వకే ఆ రోజు కొత్తగా తెలిసినట్టయింది. ఆ సంచి ఇందులో దేన్నీ ఆమె దగ్గర నుంచి తీసుకోలేదు.

పిల్లలూ, ఇంకొకరి నేర్పు వల్ల మన విలువ ఎప్పుడూ తగ్గదు. దాన్ని ఓర్చుకోలేక మనం చేసే పని వల్లనే తగ్గుతుంది, ఆ నష్టం మనతో ఆగకుండా ఏ తప్పూ ఎరగనివాళ్ళ మీద కూడా పడుతుంది.